అమెరికా జైళ్లలో అంతమంది ఎందుకున్నారు? డ్రగ్స్ వల్లా, ప్రైవేటు జైళ్ల వల్లా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. అంత డబ్బున్న దేశంలో ఇన్ని లక్షలమంది జైళ్లలో ఎందుకున్నారు, డ్రగ్స్ కేసులూ ప్రైవేటు జైళ్లూ కారణమంటారు, నిజమేనా అన్నది మొదటిది. ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వెళ్తున్న మీ తమ్ముడు తెలిసో తెలియకో ఏదైనా చిన్న కేసులో ఇరుక్కుంటే నేరుగా లోపలేస్తారా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోది సగం తెలిసినట్టే. అందుకే ఆ వరసలోనే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, అక్కడి జైళ్లు నిండింది నేరాలు విపరీతంగా జరిగి కాదు. డ్రగ్స్ కేసులూ, ప్రైవేటు జైళ్లూ కథలో ఉన్నాయి గానీ కథానాయకులు కాదు. చట్టంలో రాసిపెట్టిన శిక్షలు చాలా పొడవు. ఆ పొడవును చూపించి బేరమాడే అధికారం ప్రాసిక్యూటర్ ఒక్కడి చేతిలో ఉంది. మనిషిని జైలుకు పంపేవాడు ఒకడైతే బిల్లు కట్టేవాడు ఇంకొకడు. ఈ మూడూ ఒకదానికొకటి తోడై అంతమందిని లోపల పెట్టాయి.

ముందు లెక్క. ఇప్పుడు అమెరికాలో లోపలున్నవాళ్లు సుమారు 19 లక్షలమంది. లక్ష జనాభాకు 540 దాకా వస్తుంది. మన దేశంలో ఇది 40 దగ్గర, జర్మనీలో 70 దగ్గర ఉంటుంది. ప్రపంచంలో మొదటి స్థానం ఇప్పుడు అమెరికాది కాదు. 2022 మార్చిలో ఎమర్జెన్సీ పెట్టి ముఠాల పేరుతో 80 వేలమందికి పైగా పట్టుకుపోయిన మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడోర్ దాన్ని దాటేసింది. కానీ అది మూడేళ్లలో జరిగిన తతంగం. అమెరికాది యాభై ఏళ్లుగా చట్టబద్ధంగా, ఎన్నికల మీద ఎన్నికలు జరుగుతూ పేరుకున్నది. 1972లో అక్కడి రాష్ట్ర, ఫెడరల్ (కేంద్ర) జైళ్లలో కలిపి సుమారు 2 లక్షలమంది ఉండేవారు. 2009 నాటికి అది 16 లక్షలు. ఇప్పుడు 12 లక్షల పైచిలుకు. 19 లక్షల్లో మిగిలినవాళ్లలో చాలామంది కౌంటీ (మన జిల్లా లాంటిది) జైళ్లలో ఉంటారు.

ఇక్కడే మనవాళ్లు ఒక పొరపాటు పడతారు. మనం రెంటినీ జైలే అంటాం గానీ అక్కడ అవి వేరు వేరు. కౌంటీ జైలు షెరీఫ్ అనే స్థానిక పోలీసు అధికారి చేతిలో ఉంటుంది. అరెస్టయి విచారణ కోసం ఎదురుచూసేవాళ్లూ, ఏడాది లోపు శిక్ష పడ్డవాళ్లూ అందులో ఉంటారు. అంతకు మించి శిక్ష పడితే రాష్ట్ర ప్రభుత్వపు ప్రిజన్‌కు పంపుతారు. ఫెడరల్ ప్రభుత్వానివి మళ్లీ విడిగా ఉన్నాయి, వాటిలో ఉన్నది ఒకటిన్నర లక్షలమందే. కాబట్టి వాషింగ్టన్‌లో ఏ అధ్యక్షుడు ఏ చట్టం మార్చినా కదిలేది ఆ చిన్న ముక్క. మిగిలినదంతా 50 రాష్ట్రాలు, 3,000 పైగా కౌంటీల వ్యవహారం.

నేరాలు ఎక్కువ కాబట్టే కదా అంటే: సగం నిజం. హత్యల రేటు పశ్చిమ ఐరోపాలో లక్షకు 1 దగ్గరుంటే అమెరికాలో 5 నుంచి 7 మధ్య ఊగుతుంది. తుపాకులు అందుబాటులో ఉండటం దానికి పెద్ద కారణం. 1960ల నుంచి 1991 దాకా నేరాలు నిజంగానే పెరిగాయి, జనం నిజంగానే భయపడ్డారు. కానీ 1991 తర్వాత నేరాలు ఏటికేడు తగ్గుతూ వచ్చాయి, ఖైదీల సంఖ్య మాత్రం ఇంకో 17, 18 ఏళ్లు పెరుగుతూనే పోయింది. జైళ్లలో వేయబట్టే తగ్గాయని కొందరంటారు. కొంత ప్రభావం ఉండే ఉంటుంది. అయితే అదే కాలంలో జైళ్లు నింపని కెనడాలోనూ నేరాలు తగ్గాయి.

పొడవు లెక్క. ఏ రోజు చూసినా లోపల ఎంతమంది ఉంటారన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఏడాదికి ఎంతమంది లోపలికొస్తున్నారు, ఒక్కొక్కరు ఎన్నాళ్లుంటున్నారు. ఏటా వెయ్యిమంది వచ్చి రెండేళ్లు ఉండి వెళ్తుంటే ఆ జైలుకు 2,000 పడకలు చాలు. ఉండే కాలం అయిదేళ్లయితే, ఒక్క నేరం కూడా కొత్తగా పెరగకుండానే, 5,000 పడకలు కావాలి.

ఆ కాలాన్ని ఎలా సాగదీశారో చూడండి. 1973లో న్యూయార్క్ రాష్ట్రం కొద్దిపాటి హెరాయిన్ అమ్మినా యావజ్జీవం దాకా పోయే చట్టం తెచ్చింది. 1984 చట్టంతో ఫెడరల్ కేసుల్లో పెరోల్, అంటే శిక్ష పూర్తికాకముందే షరతుల మీద విడుదల చేయడం, రద్దయింది. 1987 నవంబరు 1 తర్వాత చేసిన నేరాలకు ఇక ముందస్తు విడుదల బోర్డు లేదు, మంచి నడవడికకు ఏడాదికి గరిష్ఠంగా 54 రోజులు తగ్గుతాయి. 1986లో 5 గ్రాముల క్రాక్ కొకైన్‌కు అయిదేళ్ల కనీస శిక్ష పెట్టారు. పొడి కొకైన్‌కు అదే శిక్ష పడాలంటే 500 గ్రాములుండాలి. క్రాక్ కేసుల్లో పట్టుబడేవాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు కావడంతో ఈ ఒకటికి వంద నిష్పత్తి ఎవరిని కొట్టిందో వేరే చెప్పక్కర్లేదు. 2010లో దాన్ని ఒకటికి 18 చేశారు, సమానం మాత్రం చేయలేదు. 1994 క్రైమ్ బిల్లు హింసాత్మక నేరాలకు శిక్షలో 85 శాతం అనుభవించి తీరాలన్న రాష్ట్రాలకు జైళ్లు కట్టుకోవడానికి డబ్బిచ్చింది.

అదే ఏడాది కాలిఫోర్నియాలో 'మూడు దెబ్బలు' చట్టం వచ్చింది. ముందు రెండు తీవ్రమైన కేసులుంటే మూడోది ఏ ఫెలొనీ (పెద్ద నేరాల తరగతి) అయినా 25 ఏళ్ల నుంచి యావజ్జీవం. గోల్ఫ్ మైదానం దుకాణంలో ఒకతను మూడు గోల్ఫ్ కర్రలు ప్యాంటు కాలులో దోపుకుని కుంటుకుంటూ బయటికి నడిచాడు. ఒక్కోటి 399 డాలర్లు. పాత కేసులున్నాయి కనుక 25 ఏళ్ల నుంచి యావజ్జీవం పడింది. 2003లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్ష రాజ్యాంగబద్ధమేనంది. మూడో నేరం కూడా తీవ్రమైనదే అయితేనే ఇంత శిక్ష అని 2012లో ఓటర్లు సవరించేదాకా అదే నడిచింది.

అసలు కీలకం ఇక్కడుంది. ఇంత పొడవు శిక్షలు అందరికీ వేయడానికి కాదు, చూపించడానికి. ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నిందితుడు తనంతట తాను నేరం ఒప్పుకోవడం వల్ల పడుతున్నవే. 2012లో సుప్రీంకోర్టే తీర్పులో ఈ అంకెలు రాసుకుంది. సినిమాల్లో చూసే జ్యూరీ విచారణ వందలో ఐదారుగురికి దక్కే భాగ్యం. మిగతా అందరికీ జరిగేది బేరం.

ఆ బేరం ఎలా ఉంటుందో కెంటకీ రాష్ట్రపు కేసు ఒకటి చూస్తే తెలుస్తుంది. 1970లలో హేస్ అనే మనిషి 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు మార్చబోయి దొరికాడు. ఆ నేరానికి రెండు నుంచి పదేళ్లు. నేరం ఒప్పుకుంటే అయిదేళ్లు అడుగుతాను, ఒప్పుకోకుండా కోర్టుకు శ్రమ కలిగిస్తే పాత కేసుల్ని తవ్వి పాత నేరస్తుల చట్టం కింద చార్జి పెడతాను అన్నాడు ప్రాసిక్యూటర్. దాని కింద తప్పనిసరి యావజ్జీవం. హేస్ ఒప్పుకోలేదు. ప్రాసిక్యూటర్ అన్నంత పనీ చేశాడు, యావజ్జీవం పడింది. 1978లో సుప్రీంకోర్టు, మళ్లీ 5-4 తేడాతోనే, ఇందులో తప్పేమీ లేదంది. అయిదేళ్లకూ యావజ్జీవానికీ ఉన్న తేడా నేరానికి పడ్డ శిక్ష కాదు, విచారణ కావాలని అడిగినందుకు పడ్డది. అప్పట్నుంచి దేశమంతటా రోజూ నడుస్తున్న పద్ధతికి ఆ తీర్పే ఊతం.

న్యాయమూర్తి ఏం చేస్తాడని అడుగుతారేమో. కనీస శిక్ష చట్టంలోనే రాసేశాక ఆయన చేతిలో మిగిలేది తక్కువ. ఏ సెక్షన్ పెట్టాలన్నది ప్రాసిక్యూటర్ ఇష్టం, సెక్షన్ పెట్టిన రోజే శిక్ష సగం ఖాయమైపోతుంది. ఫెడరల్ చట్టంలో తుపాకీ దగ్గరుంచుకుని డ్రగ్స్ అమ్మితే మొదటి చార్జికి అదనంగా అయిదేళ్లు, తర్వాత ప్రతి చార్జికీ 25 ఏళ్లు, అన్నీ వరసగా. 2018 దాకా, అవన్నీ ఒకే కేసులోని చార్జిలైనా సరే, అలాగే వేసేవారు. 2004లో యూటా రాష్ట్రంలో గంజాయి అమ్మిన కుర్రాడికి మూడు చార్జిలకు 5, 25, 25 కలిపి 55 ఏళ్లు పడ్డాయి. 2018 చట్టంతో ఈ పేర్పుడు పద్ధతిని కట్టడి చేశారు.

రాష్ట్రాల కేసుల్లో ఈ ప్రాసిక్యూటర్ ఎవరంటే, మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ లాగా ప్రభుత్వం నియమించిన లాయరు కాదు. మూణ్నాలుగు రాష్ట్రాలు తప్ప అన్నిచోట్లా కౌంటీ ఓట్లతో గెలిచిన రాజకీయ నాయకుడు. వందమందిని అనవసరంగా ఎక్కువకాలం లోపలుంచినా ఎవరూ అడగరు. ముందుగా వదిలిన ఒక్కడు బయటికొచ్చి ఘోరం చేస్తే పదవి పోతుంది. 1988 అధ్యక్ష ఎన్నికల్లో మసాచుసెట్స్ గవర్నరు డుకాకిస్‌కు జరిగిందదే. సెలవు మీద జైలునుంచి వెళ్లి తిరిగిరాని ఖైదీ చేసిన నేరాన్ని ప్రత్యర్థులు టీవీ ప్రకటన చేశారు. ఆ పాఠం రెండు పార్టీలూ మర్చిపోలేదు.

ఎదుటివైపు ఎవరుంటారు? లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ప్రభుత్వమే లాయరునివ్వాలని 1963లో తీర్పు వచ్చింది. ఏడాదికి ఒక లాయరుకు 150 ఫెలొనీలు మించకూడదని 1973లోనే ఒక ప్రమాణం పెట్టారు. అదే ఎక్కువనుకుంటే చాలాచోట్ల దాన్నీ దాటిపోతారు. ఒక్కో కేసుకు గంటలు మాత్రమే దొరికే లాయరు, బేరం బాగుందా లేదా అని చూడటం తప్ప సాక్షుల్ని వెతికే పనికి ఎలా పోతాడు?

బిల్లు ఎవరిది? దీని గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు గానీ నా దృష్టిలో ఇదే చాలా పెద్ద కారణం. ప్రాసిక్యూటర్ కౌంటీ మనిషి. చాలాచోట్ల నిందితుణ్ణి ప్రొబేషన్ మీద (జైలుకు పంపకుండా షరతులు పెట్టి) వదిలి పర్యవేక్షించినా, కౌంటీ జైల్లో ఆరునెలలు ఉంచినా ఖర్చు కౌంటీది. అదే మనిషికి మూడేళ్లు వేసి ప్రిజన్‌కు పంపితే ఖర్చు రాష్ట్రానిది. అంటే కఠినమైన శిక్షే కౌంటీకి చవక! కాలిఫోర్నియాలో దీని పర్యవసానం కళ్లకు కట్టింది. 80 వేలమందికి కట్టిన ప్రిజన్లలో లక్షన్నరకు పైగా కుక్కారు, వ్యాయామశాలల్లో మూడంతస్తుల మంచాలు వేశారు. వైద్యం అందక మనుషులు చనిపోతుంటే 2011 మేలో సుప్రీంకోర్టు, సామర్థ్యంలో 137.5 శాతానికి మించకూడదని ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరు నుంచి రాష్ట్రం చిన్న ఫెలొనీల ఖైదీల భారాన్ని డబ్బుతో సహా కౌంటీలకే అప్పజెప్పింది. ఏడాది తిరిగేలోపే ప్రిజన్లలో పాతికవేల మంది దాకా తగ్గారు. కౌంటీ జైళ్లు కొంత నిండాయి, కానీ తగ్గినంత కాదు. ఎవరి జేబులోంచి పోతుందో మారేసరికి ఎవరిని లోపల ఉంచాలన్న నిర్ణయమూ మారింది.

లూసియానాలో ఇదే తిరగబడి ఉంటుంది. అక్కడ రాష్ట్ర ఖైదీల్లో సుమారు సగంమందిని స్థానిక షెరీఫ్‌ల జైళ్లలో ఉంచి, తలకు రోజుకు ఇంత అని రాష్ట్రం చెల్లిస్తుంది. కొన్నిచోట్ల షెరీఫ్ జీపులకూ జీతాలకూ ఆ డబ్బే ఆధారం. మంచం ఖాళీ అయితే రాబడి పోతుంది. దానికి తోడు 12 మంది జ్యూరీలో 10 మంది చాలు శిక్ష వేయడానికి అన్న పాత పద్ధతిని 2018లో గానీ వదల్లేదు. దేశంలో అత్యధిక జైలు రేటున్న రాష్ట్రాల్లో లూసియానా, మిసిసిప్పీ ఎప్పుడూ పైనే ఉంటాయి. మసాచుసెట్స్ రేటు వాటిలో మూడోవంతు కూడా ఉండదు. అందుకే 'అమెరికా జైలు వ్యవస్థ' అన్నమాట నాకు అంతగా నచ్చదు.

డ్రగ్స్ సంగతి. ఫెడరల్ ప్రిజన్లలో సగానికి దగ్గరగా డ్రగ్స్ కేసులే, రాష్ట్ర ప్రిజన్లలో మాత్రం 13, 14 శాతం. అక్కడ 60 శాతానికి పైగా హింసాత్మక నేరాల కింద ఉన్నవాళ్లు. డ్రగ్స్ కేసులవాళ్లందర్నీ రేపు పొద్దున వదిలేసినా లోపల ఇంకా 15 లక్షలమంది దాకా ఉంటారు. అయితే రెండు మాటలు గుర్తుంచుకోండి. పదేళ్లకిందటి డ్రగ్స్ కేసే నేటి దొంగతనం శిక్షను రెట్టింపు చేసే 'పాత కేసు' అవుతుంది, అంకెల్లో అది కనిపించదు. 'హింసాత్మకం' అన్న మాట కూడా జాగ్రత్తగా చదవాలి. కొన్ని రాష్ట్రాల్లో ఎవరూ లేని ఇంటి తాళం పగలగొట్టినా ఆ ఖాతాలోనే రాస్తారు.

ప్రైవేటు జైళ్లలో ఉన్నది రాష్ట్ర, ఫెడరల్ ఖైదీల్లో 8 శాతం. వాటిని మూసేస్తే ఆ మనుషులు ప్రభుత్వ ప్రిజన్‌కు మారతారంతే. ఫోన్ కాల్స్, క్యాంటీన్, వైద్యం కాంట్రాక్టుల మీద లాభం గుంజే కంపెనీలున్నాయి, అది వేరే దౌర్భాగ్యం.

బెయిలు. కౌంటీ జైళ్లలో పదిమందిలో ఏడుగురు ఇంకా నేరం రుజువు కానివాళ్లు. మన దగ్గర జామీనుకు ఇద్దరు పూచీదారులు, ఇంటిపన్ను రశీదు, వీఆర్వో సర్టిఫికెట్ అంటూ తిప్పుతారు. అక్కడ నేరుగా డబ్బే. 5,000 డాలర్ల బెయిలు అంటే, చేతిలో లేనివాడు బెయిల్ బాండ్ ఏజెంటుకు 10 శాతం, అంటే 500 కడతాడు. కేసు కొట్టేసినా ఆ 500 తిరిగి రావు. అవి కూడా లేనివాడు లోపలే ఉంటాడు. వారం గడిస్తే ఉద్యోగం పోతుంది, నెల గడిస్తే అద్దె ఇల్లు పోతుంది. అప్పుడు ప్రాసిక్యూటర్ అంటాడు: ఒప్పుకో, ఇప్పటిదాకా ఉన్న రోజులే శిక్షగా లెక్కేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపో. ఒప్పుకోకపోతే విచారణ దాకా ఇంకో నాలుగైదు నెలలు. నేరం చేయనివాడు కూడా సంతకం పెడతాడు. ఆ సంతకమే రేపటి కేసులో 'పాత నేరస్తుడు' అన్న ముద్ర. న్యూజెర్సీ 2017 నుంచి డబ్బు బెయిలును దాదాపు ఆపేసింది, ఇల్లినాయ్ 2023 సెప్టెంబరులో పూర్తిగా రద్దు చేసింది.

శిక్ష అయిపోయినా వ్యవహారం తెగదు. ప్రొబేషన్, పెరోల్ మీద బయట తిరుగుతున్నవాళ్లు ఇంకో 37 లక్షలు. అపాయింట్‌మెంట్ తప్పినా, ఫీజు కట్టకపోయినా, మూత్ర పరీక్షలో ఏదైనా కనిపించినా, కొత్త నేరం లేకుండానే తిరిగి లోపలికి పంపొచ్చు.

మన దేశంతో పోల్చి చూద్దాం. 2022 చివర్లో మన జైళ్లలో 5.73 లక్షలమంది ఉంటే అందులో 4.34 లక్షలు, అంటే వందకు దాదాపు 76 మంది, విచారణ ఖైదీలు. మన సమస్య కేసు తేలకపోవడం. వాళ్లది మరీ తేలిగ్గా తేలిపోవడం. నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఈ బేరం, అంటే ప్లీ బార్గెయినింగ్, మన చట్టంలోకీ 2006లో వచ్చింది, ఏడేళ్ల లోపు నేరాలకు, మహిళలూ చిన్నపిల్లలపై జరిగినవి మినహాయించి. వాడేవాళ్లు అరుదు. ఎందుకంటే మన దగ్గర సాక్షులు ఎదురుతిరిగి కేసు కొట్టేసే అవకాశం బాగానే ఉంది, పైగా బెయిలు మీద బయటుంటే కేసు ఎన్నేళ్లు సాగినా నిందితుడికి పెద్ద నష్టం లేదు. ఇక ఎందుకు ఒప్పుకుంటాడు?

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది స్టోర్లో బిల్లు కట్టకుండా బయటికి రావడం, తాగి బండి నడపడం. టెక్సాస్‌లో దొంగతనాన్ని వస్తువు విలువను బట్టి విభజిస్తారు. 100 డాలర్ల లోపైతే 500 డాలర్ల దాకా జరిమానా. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, గరిష్ఠంగా 180 రోజులు. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ, గరిష్ఠంగా ఏడాది. 2,500 దాటితే ఫెలొనీ. మొదటిసారి చిన్న కేసుకు సాధారణంగా జైల్లో మగ్గాల్సిన పని ఉండదు, ఒకట్రెండు రోజుల్లో బెయిలొస్తుంది. ప్రమాదమంతా తర్వాతి బేరంలో ఉంది.

కోర్టులో 'డిఫర్డ్ అడ్జుడికేషన్' అని ఇస్తారు. ఒప్పుకో, ఏడాది సరిగ్గా ఉంటే శిక్ష నమోదు చేయం అంటారు. టెక్సాస్ చట్టం ప్రకారం అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం మాత్రం శిక్షే, ఎందుకంటే అక్కడ నేరం ఒప్పుకోవడమూ, కోర్టు ఏదో ఒక షరతు పెట్టడమూ చాలు. పైగా దేశంలోకి వచ్చిన అయిదేళ్లలోపు దొంగతనం లాంటి నేరానికి, ఏడాది గానీ అంతకు మించి గానీ శిక్ష పడే అవకాశమున్న సెక్షన్ కింద దోషి అయితే దేశం నుంచి పంపించేయొచ్చు. ఎంత పడిందన్నది కాదు, ఎంత పడగలదన్నదే లెక్క. కాబట్టి క్లాస్ ఎ కింద ఒక్కరోజు కూడా జైలుకెళ్లకుండానే వీసా, చదువు రెండూ పోవచ్చు. అదే కేసు క్లాస్ బి కి తగ్గితే, లేదా నేరం ఒప్పుకోకుండా కోర్సు చేసి బయటపడే ప్రీట్రయల్ డైవర్షన్ దొరికితే పరిస్థితి పూర్తిగా వేరు.

2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ (అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే వల వేయడానికి పెట్టినది) కేసు గుర్తుండే ఉంటుంది. విద్యార్థుల్ని చేర్పించారని కేసు పెట్టిన 8 మందీ నేరం ఒప్పుకున్నారు, ఒక్కరిదీ జ్యూరీ దాకా పోలేదు. ఫెడరల్ కేసు అంటే అంతే.

తమ్ముడికి చెప్పాల్సినవి మూడే. పోలీసులు అడిగితే పేరు, గుర్తింపు కార్డు ఇచ్చి, 'లాయరు వచ్చాక మాట్లాడతాను' అని ఆగిపోవాలి. కథ చెప్పి సర్దిచెప్పే ప్రయత్నం మన అలవాటు, అక్కడ అది రికార్డయి సాక్ష్యమవుతుంది. బెయిలొచ్చిన వెంటనే క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరుకు కూడా అసలు చార్జిషీటు చూపించాలి. నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లాల్సి వస్తుందా అన్నది చెప్పడం లాయరు బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ జవాబు ఈమెయిల్లో రాయించుకునేదాకా దేనిమీదా సంతకం పెట్టొద్దు, 'ఈ ఆఫర్ ఇవాళ సాయంత్రం దాకానే' అన్నా సరే. వాయిదా అడిగితే చిన్న కేసుల్లో మామూలుగా ఇస్తారు.